పత్రానికి జవాబు దావానా?

బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొవాగ్జిన్ టీకా వేసుకున్నవారికి ఏడాదిలో వచ్చిన ఆరోగ్య సమస్యలపై రాసిన పత్రాన్ని ‘డ్రగ్ సేఫ్టీ’ జర్నల్ 2024 సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది. రాసినవారు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఆ అధికారం ఎడిటర్‌కు ఉంటుంది. అచ్చయిన పత్రాన్ని ఉపసంహరించుకోవడం వైద్యరంగంలో వింతేమీ కాదు. విషయం అంతటితో సరిపోయి ఉంటే ఈ పేజీకి ఎక్కాల్సిన పనే లేదు. కానీ ఎడిటర్ ఆ నిర్ణయం తీసుకునే నాటికే ఆయన మీద, పత్రం రాసిన 11 మంది మీద హైదరాబాద్ సివిల్ కోర్టులో పరువునష్టం దావా నడుస్తోంది. వేసింది టీకా తయారీ సంస్థ భారత్ బయోటెక్. పత్రం తీసేయాలని, తన పరువుకు కలిగిన నష్టానికి పరిహారం కట్టాలని కోరింది.

ఎడిటర్ కోర్టుకు భయపడి పత్రం తీసేశారని మేము అనడం లేదు. భయపడలేదని జనం నమ్మేదెలా? పత్రం నిలిచినా పోయినా అది శాస్త్రం బలంతో జరిగిందా, లాయర్ల బలంతో జరిగిందా అన్న సందేహం ఇక వదలదు. ఆ సందేహానికి తావిచ్చింది దావాయే.

పత్రం గట్టిదేమీ కాదు, ఆ మాట దాచుకోనక్కర్లేదు. టీకా వేసుకున్నవారిలో 1,024 మందిని ఎంచుకుని, ఏడాది తర్వాత 926 మందిని మళ్లీ పలకరించారు. వారిలో 635 మంది కౌమారంలో ఉన్నవారు, 291 మంది పెద్దలు. పలకరింపు ఫోన్‌లోనే. ఏడాది కిందట టీకా వేసుకున్న పిల్లవాడికి ఫోన్ చేసి ‘ఈమధ్య ఒంట్లో బాగాలేకపోవడం ఏమైనా జరిగిందా?’ అంటే జలుబు చేసిందంటాడు, దగ్గు పట్టిందంటాడు. ఏడాదంతా జలుబు చేయని పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు? కౌమారంలో ఉన్నవారిలో 47.9 శాతానికి వైరల్ శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు వచ్చాయని రాశారు. టీకా వేసుకోనివారిలో ఎంతమందికి వచ్చాయో పోల్చి చూడలేదు. ఆస్పత్రి రికార్డులతో సరిచూడలేదు. పోలిక లేని ఆ అంకెను పట్టుకుని టీవీ చానళ్లు నాలుగు రోజులు హోరెత్తించాయి. కోట్లమంది వేసుకున్న టీకాపై ఇలాంటి లెక్కలతో భయం పుట్టిస్తే రేపు పోలియో చుక్కలకు కూడా తల్లులు వెనకాడతారన్న వాదన ఉంది. అందులో న్యాయమూ ఉంది.

అయితే బలహీనమైన పత్రానికి వైద్యశాస్త్రం జవాబు ఎలా చెబుతుంది? 2020 మే 22న హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు మీద ‘లాన్సెట్’ ఒక పత్రం వేసింది. 96 వేల మంది కొవిడ్ రోగుల వివరాలంటూ, ఆ మందు వాడితే చావులు పెరుగుతున్నాయని రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పరీక్షల్లో ఆ మందును తాత్కాలికంగా ఆపేసింది కూడా. మిగతా శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. ఆస్పత్రుల పేర్లు చెప్పండి, అసలు డేటా చూపండి అని బహిరంగ లేఖతో నిలదీశారు. డేటా ఇచ్చిన సంస్థ చూపలేకపోయింది. నలుగురు రచయితల్లో ముగ్గురు తామే పత్రం వెనక్కి తీసుకుంటామన్నారు. జూన్ 4 నాటికి, పక్షం రోజులు తిరక్కుండానే, వ్యవహారం ముగిసింది. అది కోర్టులో వాయిదాల మీద తేలిన సంగతి కాదు.

భారత్ బయోటెక్‌కు ఆ దారి మూసుకుపోలేదు. ఎడిటర్‌కు లేఖ రాయొచ్చు. అలాంటి లేఖలను జర్నళ్లు అచ్చేస్తాయి. తన దగ్గరున్న భద్రతా డేటాను బయటపెట్టి లెక్క తప్పని చూపొచ్చు. సొంత టీకా మీద సొంత కంపెనీకి తెలిసినంత ఫోన్ చేసి అడిగినవారికి తెలుస్తుందా? అన్నీ చేతిలో ఉండి దావా దారి ఎంచుకుంది. మాకు కలవరం కలిగిస్తున్నది అదే. ఇది ఒక్క పత్రంతో పోయేది కాదు, దారి పడిపోతుంది. ఇవాళ టీకా కంపెనీ నడిచిన దారిలో రేపు షుగర్ మందు కంపెనీ నడుస్తుంది, ఎల్లుండి స్టెంట్ల కంపెనీ నడుస్తుంది.

ఇక భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సంగతి. పత్రం వచ్చిన రోజుల వ్యవధిలోనే, 2024 మే నెలలో, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ రాజీవ్ బహల్ రచయితలకూ ఎడిటర్‌కూ లేఖ రాశారు. పోలికకు టీకా వేసుకోనివారి బృందం లేదన్నారు. ఆ జబ్బులు మామూలుగా ఎంతమందికి వస్తాయో చెప్పలేదన్నారు. టీకాకు ముందు ఆరోగ్యం ఎలా ఉండేదో తెలియదన్నారు. ఫోన్‌లో చెప్పినదాన్ని రికార్డులతో సరిచూడలేదన్నారు. పత్రంలో తమకు కృతజ్ఞతలు చెప్పడం చెల్లదు, ఈ అధ్యయనంతో తమకు సంబంధం లేదని కూడా రాశారు. నాలుగు అభ్యంతరాలూ సరైనవే. కానీ ఆ లేఖ రాసినవారు ఈ ఆటలో అంపైర్ కాదు, ఆటగాడు. కొవాగ్జిన్ ఐసీఎంఆర్ కలిసి తయారుచేసిన టీకా. వైరస్ పుణెలోని దాని సంస్థ నుంచే వచ్చింది. అమ్మకాలపై 5 శాతం రాయల్టీ దానికి వెళుతుంది. 2022 మొదట్లో చెప్పిన లెక్క ప్రకారమే 170 కోట్ల రూపాయల పైచిలుకు వచ్చింది. పేటెంట్ దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరు లేదని 2024 జూన్‌లో బయటపడితే, పొరపాటున జరిగిందని చెప్పి కంపెనీ ఆ పేరు చేర్చడానికి సిద్ధపడింది. టీకాలో ఇంత వాటా ఉన్న సంస్థ, టీకాను ప్రశ్నించిన పత్రాన్ని తీసేయమని అడిగింది. కంపెనీ కోర్టుకెక్కితే మాత్రం, తన దేశపు పరిశోధకుల తరఫున ఒక్క మాట మాట్లాడాలనిపించలేదు.

పద్ధతుల పాఠం చెప్పేవారి సొంత చరిత్ర కూడా ఒకసారి తిరగేయాలి. గురివింద తన నలుపెరగదంటారు. 2020 జులై 2న అప్పటి డైరెక్టర్ జనరల్ బలరామ్ భార్గవ 12 ఆస్పత్రులకు లేఖ రాశారు. అందులో హైదరాబాద్ నిమ్స్ ఉంది, విశాఖ కేజీహెచ్ ఉంది. పరీక్షలన్నీ ముగించి ఆగస్టు 15 నాటికి టీకాను ప్రజలకు అందించాలనుకుంటున్నామని, మాట వినకపోతే తీవ్రంగా పరిగణిస్తామని అందులో ఉంది. మనుషులపై మొదటి దశ పరీక్ష కూడా మొదలుకాని టీకాకు ఆరువారాల గడువు! 2021 జనవరి 3న ‘క్లినికల్ ట్రయల్ మోడ్’ పేరిట అత్యవసర అనుమతి వచ్చింది. టీకా వేయించుకోవడానికి వెళ్లిన ఆరోగ్య సిబ్బంది చేతికి ఒక సమ్మతి పత్రం ఇచ్చేవారు. ఈ టీకా సామర్థ్యం ఇంకా నిరూపణ కాలేదు, మూడో దశ పరీక్షలో ఉంది అని అందులో రాసి ఉండేది. దాని కింద సంతకం పెట్టి చేయి చాచాలి. ఆ మూడో దశ ఫలితం, 25 వేల మందికి పైగా వాలంటీర్లపై 77.8 శాతం సామర్థ్యం, ‘లాన్సెట్’లో వచ్చింది నవంబర్‌లో. అప్పటికి కోట్ల డోసులు పడిపోయాయి.

పిల్లల విషయం ఇంకా చెప్పుకోదగ్గది. 2022 జనవరి 3న 15 నుంచి 18 ఏళ్ల వారికి టీకాలు మొదలుపెట్టినప్పుడు వారికి వేసింది కొవాగ్జిన్ ఒక్కటే. 2 నుంచి 18 ఏళ్ల పిల్లలపై జరిపి జర్నల్‌లో అచ్చు వేయించిన పరీక్షలో పాల్గొన్నది 526 మంది. వారిలో 12 ఏళ్లు దాటినవారు 176 మంది. అందులోనూ ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి సూది) ఇచ్చి పోల్చే బృందం లేదు. అందరికీ టీకానే ఇచ్చి, యాంటీబాడీలు పెద్దల స్థాయిలో వచ్చాయో లేదో చూశారు. ఆ పరీక్ష ఉద్దేశం వేరు, ఒప్పుకుందాం. కానీ దేశంలోని పదిహేనేళ్ల పిల్లలందరికీ సూది వేయడానికి 176 మంది సరిపోయారు. ఆ తర్వాత వారెలా ఉన్నారని 635 మందిని అడగబోతే మాత్రం పోలిక బృందం గుర్తుకొచ్చింది, కోర్టు గుర్తుకొచ్చింది.

దావా గెలవాల్సిన అవసరం కూడా లేదు, నడిస్తే చాలు. వారణాసిలో పాఠాలు చెప్పుకుంటూ, ఓపీ చూసుకుంటూ ఉండే ఒక ప్రొఫెసర్ వాయిదా వాయిదాకూ హైదరాబాద్ లాయర్‌కు ఫోన్ చేసుకుంటూ ఉంటే, ఆ పక్క గదిలో ఉన్న పీజీ విద్యార్థి తన థీసిస్‌కు ఏ అంశం ఎంచుకుంటాడు? మార్కెట్లో ఉన్న మందు జోలికి పోడు. మందు బయటికొచ్చాక ఏం చేస్తోందో కనిపెట్టాల్సింది అతడిలాంటివారే. వేలమందిపై పరీక్షించినప్పుడు కనిపించని అరుదైన దుష్ప్రభావం లక్షలమంది వాడాకే బయటపడుతుంది. మొదట అది బయటపడేది కూడా ఇలాంటి చిన్న, అరకొర అధ్యయనాల్లోనే. పది చూస్తే తొమ్మిది ఉత్త అనుమానాలుగా తేలతాయి. పదోది పట్టాలంటే ఆ తొమ్మిదీ రాసే ధైర్యం ఉండాలి. కోర్టు తీసేది ఆ ధైర్యాన్నే.

ఇదేమీ ఊహ కాదు. 1996లో కెనడాలోని టొరంటో పిల్లల ఆస్పత్రిలో తలసీమియా రోగులపై డెఫెరిప్రోన్ మందు పరీక్షిస్తున్న డాక్టర్ నాన్సీ ఒలివియెరికి ఆ మందుపై సందేహాలు వచ్చాయి. రోగులకు చెప్పాలనుకున్నారు. ఖర్చు భరిస్తున్న అపోటెక్స్ కంపెనీ పరీక్షలు ఆపేసి, చెబితే చట్టపరమైన చర్యలంటూ హెచ్చరించింది. ఆమె చెప్పారు. ఏళ్లతరబడి విచారణలు, వివాదాలు మోశారు. ఆ మందుకు తర్వాత 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. మందు మంచిదా చెడ్డదా అన్నది ఆనాడు వేరే తగువు. సందేహం వచ్చిన వైద్యురాలు రోగికి చెప్పుకోవచ్చా లేదా అన్నదే అసలు తగువు. మన ముందున్నదీ అదే.

ఇంగ్లండ్‌కు ఈ బుద్ధి కాస్త ఆలస్యంగానే వచ్చింది. వెన్నెముకను చేతులతో సర్ది జబ్బులు నయం చేస్తామనే కైరోప్రాక్టర్ల వైద్యాన్ని విమర్శించిన రచయిత సైమన్ సింగ్‌పై వారి సంఘం దావా వేసి, దేశమంతా తిట్టిపోశాక 2010లో వెనక్కి తగ్గింది. 2013లో తెచ్చిన పరువునష్టం చట్టం ఆరో సెక్షన్‌లో, తోటి నిపుణుల సమీక్ష దాటి శాస్త్ర జర్నల్‌లో అచ్చయిన మాటకు దురుద్దేశం లేనంతవరకు రక్షణ ఇచ్చారు. మన పార్లమెంటు పాత శిక్షాస్మృతి పేరు మార్చి న్యాయసంహిత తెచ్చినప్పుడు పరువునష్టం నేరాన్ని భద్రంగా కొత్త పుస్తకంలోకి మోసుకొచ్చింది. పరిశోధకుడికి ఇలాంటి రక్షణ ఒకటి ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు. జీనోమ్ వ్యాలీ గురించి గొప్పలు చెప్పుకునే మన రాష్ట్ర ఎంపీలైనా ఈ మాట సభలో లేవనెత్తాలి. ప్రపంచానికి టీకాలు పంపే హైదరాబాద్‌కు, శాస్త్రవేత్తలను కోర్టుకీడ్చే ఊరన్న పేరు అంటుకోకముందే ఆ పని జరగాలి.

సుప్రీంకోర్టు 2022 మే 2న పిల్లల వైద్యుడు జాకబ్ పులియెల్ వేసిన కేసులో టీకా దుష్ప్రభావాల నివేదికలు ప్రజలు చూసుకోగలిగేలా ఉండాలని, బాధితులూ వైద్యులూ నేరుగా నమోదు చేసే ఏర్పాటు చేయాలని చెప్పింది. ఏళ్లు గడిచాయి. ఏ టీకా తర్వాత ఏ వయసువారిలో ఏం కనిపించిందో ఒక తల్లి తన ఫోన్‌లో చూసుకోగల పట్టిక ఎక్కడుంది? ఆ పట్టికే ఉంటే వారణాసి పరిశోధకులు ఇంటింటికీ ఫోన్లు చేసేవారా?

కంపెనీ దావాను ఇంకా వెనక్కి తీసుకోకపోతే తీసుకోవాలి. పత్రం ఎలాగూ పోయింది. ఇంకా కోర్టులో పట్టుకుని ఉంటే అది కక్ష తప్ప మరొకటి కాదు. ఐసీఎంఆర్‌కు సరైన పద్ధతి తెలియక కాదు. యువత ఆకస్మిక మరణాలకు టీకాలే కారణమన్న ప్రచారం వచ్చినప్పుడు 47 ఆస్పత్రుల్లో 729 మరణాలను 2,916 మందితో పోల్చి చూసి, టీకాతో ముప్పు పెరగలేదని 2023లో తేల్చింది. అది తేల్చింది దావాతో కాదు, అధ్యయనంతో. కొవాగ్జిన్ వేసుకున్న 15–18 ఏళ్ల పిల్లల మీద అలాంటిదే ఒకటి చేయించడానికి అడ్డేమిటి? ప్రతి డోసు వివరం కొవిన్‌లో ఉంది. రాయల్టీ సొమ్ము ఖజానాలో ఉంది. పత్రంలో తప్పులెన్నడానికి రోజుల్లో లేఖ రాయగలిగిన ఐసీఎంఆర్, ఆ అధ్యయనం ఎప్పుడు మొదలుపెడుతుందో ఒక తేదీ చెప్పాలి.