నాకు బద్ధకం, అల్లుడికి ట్రాఫిక్

మొన్న సాయంత్రం వానకు ఖైరతాబాద్ నుంచి పంజగుట్ట దాకా రోడ్డంతా చెరువైంది. గంటన్నర బస్సులో నిలబడి నిశ్చితార్థానికి చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం కూడా అయిపోయింది. నేను చెప్పులు విప్పకముందే పెదనాన్న తీర్పు చెప్పేశారు: "నీకు చిన్నప్పటి నుంచీ బద్ధకమే తల్లీ!" అరగంట తర్వాత ఆయన అల్లుడుగారు వచ్చారు. "పాపం, ట్రాఫిక్‌లో చిక్కుకుపోయి ఉంటారు" అంటూ మంచినీళ్లు తెప్పించారు. అదే వాన, అదే పంజగుట్ట!

ఈ జబ్బుకు 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరు కూడా పెట్టారు: మౌలిక ఆపాదన దోషం. అంటే ఎదుటివారు ఏం చేసినా, వాళ్ల పరిస్థితిని వదిలేసి వాళ్ల గుణానికే అంటగట్టడం. అంతకు పదేళ్ల ముందే, 1967లో, జోన్స్, హారిస్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రోను సమర్థించే, వ్యతిరేకించే వ్యాసాలను విద్యార్థుల చేత చదివించారు. ఏ పక్షాన రాయాలో రాసినవారికి ముందే ఆదేశించామని చెప్పినా సరే, అందులో వాళ్ల సొంత అభిప్రాయం ఉందనే చదివినవాళ్లు అనుకున్నారు. చెప్పినా అంతే! ఇక నోరు తెరిచే అవకాశమే ఇవ్వని పెదనాన్న ముందు నేనెంత?

నేనూ తక్కువ తినలేదు లెండి. నిన్న అమీర్‌పేటలో బండి మీద వెళ్తుంటే ముందు ఒక స్కూటరు నత్తలా కదులుతోంది. ఎంత పొగరో అని తిట్టుకుంటూ ఆపకుండా హారన్ కొట్టాను. దాటుతూ చూస్తే అతని కాళ్ల మధ్య కోడిగుడ్ల ట్రేలు, మోకాళ్లు దాటేంత ఎత్తున.