సవరణ: బకింగ్‌హామ్ కాలువ లాకులు

నెల్లూరు జిల్లాలో, తీరం వెంబడి పడవల కోసం తవ్విన బకింగ్‌హామ్ కాలువ లాకుల (పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు) మీద మొన్నటి పోస్టులో "తలుపులు బాగుచేస్తే చాలు, పడవలు మళ్లీ తిరుగుతాయి" అని ఉంది. అది సరికాదు.

లాకు తలుపు రెక్కలు రెండూ నీరు ఎక్కువున్న వైపుకి కోణంగా మూసుకుంటాయి. ఆ నీటి ఒత్తిడే వాటిని బిగించి పట్టుకుంటుంది. అంచు చెక్క పుచ్చిందంటే నీరు కారిపోతూనే ఉంటుంది, పడవ పైమట్టానికి లేవదు. రిపేరు చేయాలంటే రెండు వైపులా అడ్డుకట్ట వేసి నీళ్లన్నీ తోడాల్సిందే.

కానీ తలుపులొక్కటే సమస్య కాదు, 1965, 1966 తుపాన్లకు కాలువే దెబ్బతింది. కాలువలో పేరుకున్న పూడిక తీయకుండా కొత్త తలుపులు బిగిస్తే పడవ లాకు దాటి బురదలో ఆగుతుంది. 2008లో దీన్ని జాతీయ జలమార్గం-4లో (పడవ రవాణాకు కేంద్రం ప్రకటించిన నీటి మార్గం) చేర్చారు కాబట్టి గట్టిగా అడగాల్సింది ముందు పూడికతీతే.