రెండో పుస్తకంపై ఏకసభ్య కమిషన్ మధ్యంతర నివేదిక

మన దేశంలో ఏం జరిగినా ముందు ఒక కమిషన్ వేస్తారు. వంతెన కూలినా, రైలు పట్టాలు తప్పినా, ప్రశ్నపత్రం పరీక్షకు ముందే బజారున పడ్డా ఒక రిటైర్డ్ జడ్జిగారు, ఒక గది, ఒక స్టెనో, మూడు నెలల గడువు. ఇంత పద్ధతి గల దేశంలో ఒక్క విషయం మీద మాత్రం ఇంతవరకు ఎవరూ విచారణకు ఆదేశించలేదు. ఇక లాభం లేదని నన్ను నేనే వేసుకున్నాను.

విచారణాంశం ఇది. లోకం నాశనమైపోతుంది. మిగిలిన ముక్కను ఒక దుర్మార్గపు ప్రభుత్వం ఏలుతుంటుంది. పదహారేళ్ల అమ్మాయి ఒకతె దాని మీద తిరగబడుతూనే, ఇద్దరబ్బాయిల్లో ఎవరో తేల్చుకోలేక సతమతమవుతుంటుంది. వీటిని డిస్టోపియా నవలలంటారట. అమెరికాలో 2008 తర్వాత కొన్నేళ్ల పాటు మూడేసి భాగాల చొప్పున వచ్చి పడ్డాయి. వీటిలో రెండో పుస్తకం పాఠకుల అంచనాలను అందుకుందా, లేదా?

స్టెనోగా మా అమ్మాయిని పెట్టుకుందామనుకున్నాను. ఇంటర్ ఫస్టియర్. పుస్తకాలన్నీ తనవే. "నాన్నా, ఆదివారం నాకు టెస్టుంది" అని తలుపేసుకుంది.

క్షేత్రస్థాయి పరిశీలన హైదరాబాద్ అబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాల ఫుట్‌పాత్ మీద జరిగింది. మొదటి భాగం ఒక్కటీ లేదు. మూడో భాగాలు ఒకటీ అరా. రెండో భాగాలు మాత్రం గుట్ట. "పార్ట్ టూ సార్, కొత్త పీస్ లెక్కనే ఉంది, ఎవ్వరు సదవలే" అన్నాడు అమ్మేవాడు, అదొక సుగుణమన్నట్టు. ఒకటి తీసి తిరగేశాను. అట్ట మీద ఒక్క మడత లేదు. 74వ పేజీలో సిటీ బస్సు టికెట్ ఒకటి నలిగి ఉంది. ఆ టికెట్ కొన్న పాఠకుడు ఏ స్టాపులో దిగాడో తెలీదు గానీ, కథలోంచి మాత్రం అక్కడే దిగిపోయాడు.

ఆ సాక్ష్యంతోనే విచారణ ముగించేయొచ్చు. కానీ అంచనా ఏమిటో తేలకుండా అందుకుందో లేదో ఎలా తేలుతుంది? పాఠకుల కోరిక విచారిస్తే ఇలా ఉంది: మొదటి పుస్తకంలో ఉన్నదంతా ఉండాలి, మళ్లీ అదే ఉండకూడదు. అమ్మాయి ఉద్యోగం చెయ్యాలి, ఇంటిపట్టునే ఉండాలి అని పెళ్లిచూపుల్లో చెప్పే షరతు లాంటిదన్నమాట.

ప్రచురణకర్తల కోరిక ఇంతకంటే సూటిగా ఉంది. తేదీలు చూడండి. 'హంగర్ గేమ్స్' మూడు పుస్తకాలు 2008, 2009, 2010. 'మేజ్ రన్నర్' మూడు 2009, 2010, 2011. 'డైవర్జెంట్' 2011, 2012, 2013. 'డెలీరియం'వీ అవే మూడేళ్లు. 'సెలక్షన్'వి మొదటి మూడూ 2012 నుంచి 2014 దాకా. పంట పండినా ఎండినా ఏటా శిస్తు కట్టాల్సిందే. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ వీళ్లందరికంటే ముందే, 2005లో, ఒకే ఏడాది మొదటి భాగం, రెండో భాగం రెండూ కట్టేశాడు. ముందస్తుగా శిస్తు చెల్లించిన ఆదర్శ రైతు. హంగర్ గేమ్స్ జరిగే పానెం దేశంలో ఒక్కో జిల్లా ఏటా ఇద్దరు పిల్లల్ని రాజధానికి అప్పజెప్పాలి, టీవీలో అందరూ చూస్తుండగా ఒకళ్లనొకళ్లు చంపుకునే ఆట కోసం. మన లోకంలో ఒక్కో రచయిత ఏటా ఒక పుస్తకాన్ని అప్పజెప్పాలి. రెండింటికీ తేడా చూపమంటే కమిషన్ కాస్త తడుముకుంటోంది.

ఈ సంగతి హంగర్ గేమ్స్ రాసిన సుజాన్ కాలిన్స్‌ ఒక్కతెకే ముందుగా అర్థమైందని నా నమ్మకం. ఆమె రెండో పుస్తకం 'క్యాచింగ్ ఫైర్'ని అందుకే కాస్త వివరంగా విచారించాల్సి వచ్చింది.

మొదటి పుస్తకం చివర కాట్నిస్ ఎవర్‌డీన్ గెలిచింది. నియమం ప్రకారం గెలిచినవాళ్లకు మళ్లీ జన్మలో పోటీ లేదు. విజేతల కాలనీలో ఇల్లు, నెలనెలా డబ్బు. మన భాషలో చెప్పాలంటే గ్రూప్ వన్ కొట్టేసింది. కథ కంచికి వెళ్లిపోయింది. మరి రెండో పుస్తకం ఎక్కణ్నుంచి రావాలి? పానెంను ఏలే ప్రెసిడెంట్ స్నో స్వయంగా ఆమె ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఊపిరిలో నెత్తురు వాసన, కోటుకు పెట్టుకున్న గులాబీ వాసన. కేకలెయ్యడు, మర్యాదగానే మాట్లాడతాడు. నువ్వు ఆటలో చేసిన పనికి జిల్లాల్లో జనం కదులుతున్నారమ్మా, నీతో పాటు గెలిచిన ఆ కుర్రాడి మీద నీ ప్రేమ నిజమేనని అందర్నీ నమ్మించు, లేకపోతే నీవాళ్లకు మంచిది కాదు అంటాడు. ఈ ఘట్టాన్ని కమిషన్ మూడుసార్లు చదివింది. మొదటి పుస్తకం బాగా అమ్ముడుపోయాక రచయిత ఇంటికొచ్చే పెద్దమనిషి కూడా సరిగ్గా ఇలాగే కూర్చుని, ఇంత మర్యాదగానే మాట్లాడతాడని అనుమానం. ప్రేమ గురించి కూడా ఇదే అడుగుతాడు.

ఆ తర్వాత కవరు. ఈ ఆటలకు పాతికేళ్లకోసారి ప్రత్యేకం ఉంటుంది, మన వారపత్రికల దీపావళి సంచికలాగా. 25వ ఏట, పంపాల్సిన పిల్లల్ని జిల్లాలవాళ్లే ఓట్లేసి ఎంచుకోమన్నారు. 50వ ఏట, రెట్టింపు పిల్లల్ని తెమ్మన్నారు. 75వ ఏట స్నో ఒక పెట్టెలోంచి పసుపుబారిన కవరు తీసి చదువుతాడు: ఈసారి పాత విజేతల్లోంచే. పన్నెండో జిల్లాలో బతికున్న ఆడ విజేత కాట్నిస్ ఒక్కతే. చీటీల గిన్నెలో ఒకే ఒక్క చీటీ. అయినా చెయ్యి పెట్టి, వెతికి, తీస్తారు. ప్రభుత్వం అన్నాక లాంఛనం తప్పదు కదా.

పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అని పాఠకుడు అనేలోపే ఆ మాటను కాలిన్స్ విలన్ చేత ఆర్డరుగా చదివించింది. గెలిచాం, అయిపోయింది అనుకున్నవాళ్లను మళ్లీ అదే ఆటలోకి తోయడం కన్నా క్రూరత్వం లేదని పుస్తకమంతా చెబుతుంది. చెబుతూనే తోస్తుంది. మనమూ, రాజధానిలో రంగు విగ్గులు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్న ఆ జనంలాగే, ముందుకు జరిగి కూర్చుంటాం. ఇరవై ఏడు అధ్యాయాల పుస్తకంలో పద్దెనిమిది అయిపోతే గానీ ఆట మొదలుకాదు. అన్ని పేజీలూ "ఇంకా దింపరేం ఆ పిల్లని లోపలికి?" అని విసుక్కున్నది కమిషనే. ఈ వాక్యాన్ని రికార్డుల్లోంచి తొలగించాలో వద్దో తర్వాత నిర్ణయిస్తాం.

దింపాక ఆ మైదానం ఒక గడియారమని తెలుస్తుంది. పన్నెండు ముక్కలు, గంటకో ముక్కలో ఒక్కో ఘోరం. ఒక గంట నెత్తురు వాన, ఒక గంట ఒళ్లు బొబ్బలెక్కించే విషపు పొగ, ఒక గంట మీదపడి కరిచే కోతులు. పన్నెండూ అయ్యాక మళ్లీ మొదటికి. "మా హాస్టల్ ఫ్రెండ్స్ టైమ్ టేబుల్ ఇదే" అని తలుపు వెనక నుంచి వినిపించింది. సాక్షి ప్రమాణం చేయలేదు కాబట్టి ఈ వాంగ్మూలం చెల్లదు.

ఇక వెరోనికా రాత్ రాసిన 'డైవర్జెంట్' రెండో భాగం 'ఇన్సర్జెంట్'. సింగడు అద్దంకి పోనూ పోయాడు, రానూ వచ్చాడు అన్న సామెతకు ఐదొందల పైచిలుకు పేజీల వ్యాఖ్యానం కావాలంటే ఇది చదవాలి. ఊరు షికాగో. జనం ఐదు వర్గాలు. పదహారేళ్లు నిండాక ఒక పరీక్ష, ఆ తర్వాత జన్మంతా ఏ వర్గంలో ఉండాలో తేల్చుకోవడం. అమెరికన్ పాఠకులకు ఇది భయంకరమైన ఊహ. మనకైతే జూన్ నెల. పైగా వాళ్లకు ఐదున్నాయి, మనకు ఎంపీసీ, బైపీసీ రెండే. మిగతావాళ్లంతా ఏ వర్గానికీ చెందనివాళ్లని బంధువుల తీర్పు.

హీరోయిన్ ట్రిస్ ముందు శాంతివర్గం పొలాలకు వెళ్తుంది. అక్కడ రొట్టెలో మందు కలిపి పెడతారు, తిన్నవాళ్లకు కోపం రాదు. (మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులకు ఆ రొట్టెలు తెప్పించే వీలుందేమో కమిషన్ విడిగా పరిశీలిస్తోంది.) అక్కణ్నుంచి వర్గం లేనివాళ్ల దగ్గరికి, అక్కణ్నుంచి సత్యవంతుల భవనానికి, అక్కణ్నుంచి ధైర్యవంతుల గుహలకి, అక్కణ్నుంచి మేధావుల చెరలోకి. ఎక్కడికి వెళ్లినా ఎవరో వచ్చి కాలుస్తారు, వీళ్లు ఇంకో చోటికి పరిగెడతారు. అంతా అయ్యాక చివర్లో ఒక వీడియో ప్రదర్శిస్తారు: కంచెకు అవతల ఇంకా లోకముంది, మీరు బయటికి రండి. వాట్సాప్‌లో ఒక్క ఫార్వర్డుతో అయిపోయే పని.

అయినా ఇందులో ఒకటి రికార్డు చెయ్యకపోతే అన్యాయమవుతుంది. మొదటి పుస్తకంలో ట్రిస్ తన స్నేహితుణ్ని తన చేత్తోనే కాల్చాల్సి వచ్చింది. రెండో పుస్తకంలో ఆమె తుపాకీ పట్టుకోలేదు, చేతులు వణుకుతాయి. ఎందుకో చాలాసేపు ఎవరికీ చెప్పదు. మొదటి భాగం చేసిన గాయాన్ని రెండో భాగం మోయడం ఈ తరహా పుస్తకాల్లో నాకు పెద్దగా కనపడలేదు. 2015లో సినిమా తీసినవాళ్లకు ఈ చేతి వణుకు చాలదనిపించిందేమో, పుస్తకంలో ఎక్కడా లేని ఒక పెట్టె తెచ్చి నడిమధ్యన పెట్టారు. దాన్ని తెరవాలంటే ఐదు పరీక్షలు పాసవ్వాలి.

పరీక్ష అంటే జేమ్స్ డాష్నర్ గుర్తొస్తాడు. 'మేజ్ రన్నర్' చివర, చిక్కుదారిలోంచి ప్రాణాలతో బయటపడ్డ కుర్రాళ్లను ఎవరో వచ్చి కాపాడతారు. 'స్కార్చ్ ట్రయల్స్' మొదలుకాగానే తెలుస్తుంది, ఆ కాపాడటం కూడా పరీక్షలో భాగమేనని. కనపడని గోడకు అవతల బల్ల వేసుకుని ఒకాయన తాపీగా పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. తీరిక చూసుకుని చెబుతాడు: మీకు జబ్బు అంటింది, రెండు వారాల్లో వంద మైళ్ల ఎడారి దాటండి, మందిస్తాం. మెయిన్స్ అయ్యాక అడ్వాన్స్‌డ్ ఉంటుందని ముందే చెప్పరేం అని ఆ కుర్రాళ్లు అడగరు. ఆ సంస్థ పేరు వికెడ్, అంటే దుర్మార్గం. బోర్డు మీద ఇంత నిజాయతీగా పేరు రాసుకున్న ప్రభుత్వ విభాగాన్ని కమిషన్ ఇదే మొదటిసారి చూడటం. గోడ అవతలి ఆయన చదువుతున్నది మూడో భాగమేమోనని నా అనుమానం. అంత ధీమా ఇంకెక్కణ్నుంచి వస్తుంది?

మిగతావి సంక్షిప్తంగా. వెస్టర్‌ఫెల్డ్ 'ప్రెటీస్'లో హీరోయిన్ ట్యాలీకి ఆపరేషన్ చేసి మెదడు మొద్దుబారుస్తారు. మొదటి పుస్తకంలో తెలుసుకున్నదంతా మర్చిపోతుంది. కాబట్టి అవన్నీ మళ్లీ తెలుసుకుంటుంది. గొప్ప పొదుపు. దానికి విరుగుడు రెండు మాత్రలు. ట్యాలీ ఒకటి, ప్రియుడు జేన్ ఒకటి పంచుకుంటారు. రెండూ ఒక్కరే మింగాల్సినవని తర్వాత తెలుస్తుంది. మందులచీటీ చదవకుండా ప్రేమించకూడదు. కియెరా క్యాస్ 'ది ఎలీట్'లో రాకుమారుడి కోసం పోటీపడే అమ్మాయిలు మొదట్లో ఆరుగురు, చివరికి నలుగురు. పుస్తకం మొత్తానికి తేలిన లెక్క ఇద్దరు. లారెన్ ఆలివర్ 'పాండెమోనియం'లో మొదటి ప్రియుడు పోయాడనుకుని అమ్మాయి రెండోవాణ్ని ప్రేమిస్తుంది. సరిగ్గా చివరి పేజీల్లో మొదటివాడు ప్రత్యక్షం. దీనికి మన వాళ్లెవరూ ఆశ్చర్యపోరు, సమోసా తేవడానికి లేస్తారు.

ఒక మాట. ఒకడు ఇంకొకణ్ని ఎందుకు పొడిచాడో తెలుసుకోవడానికి దాదాపు రెండేళ్లు ఎదురుచూసిన జాతి మనది. కానీ మనం ఎదురుచూసిన రెండో భాగం వచ్చి జవాబు చెప్పి వెళ్లిపోయింది. మూడు భాగాల కథలో రెండోదానికి ఆ హక్కు లేదు. కంచికి బయల్దేరిన కథ నాయుడుపేటలో టిఫినుకు ఆగాలి, అంతే. ఇడ్లీ బాగుందా లేదా అన్నదే మన విచారణ. బస్సు వెళ్లిపోతుందేమోనన్న టెన్షన్‌లో తిన్న ఇడ్లీ రుచి ఎవరు చెప్పగలరు?

కమిషన్ గడువు నిన్నటితో ముగిసింది. పొడిగించుకున్నాను. తుది నివేదిక రెండు భాగాలుగా వస్తుంది. ఇది నా సొంత తెలివి కాదు. హంగర్ గేమ్స్ మూడో పుస్తకాన్ని సినిమావాళ్లు రెండు ముక్కలు చేసి 2014లో ఒకటి, 2015లో ఒకటి వదిలారు. డైవర్జెంట్ మూడో పుస్తకాన్నీ అలాగే రెండు చేద్దామనుకుని 2016లో మొదటి ముక్క వదిలారు, అది ఆడలేదు, రెండో ముక్క తియ్యనే లేదు. ఆ ప్రేక్షకులు ఇప్పటికీ ఇంటర్వెల్‌లోనే ఉన్నారు.

నిన్న రాత్రి 'క్యాచింగ్ ఫైర్' చివరి పేజీ మరోసారి సరిచూసుకున్నాను, కేవలం నివేదిక కోసం. కాట్నిస్ కళ్లు తెరుస్తుంది. పక్కన సొంతూరి నేస్తం గేల్. ఇంటి సంగతి అడిగితే, పన్నెండో జిల్లా ఇక లేదంటాడు. అంతే, పుస్తకం అయిపోయింది. టైము పదకొండు నలభై. లేచి అమ్మాయి అలమర చూశాను. మూడో భాగం ఉండాల్సిన చోట ఖాళీ.

"ఫ్రెండ్ వాళ్లింట్లో ఉంది నాన్నా" అంది నిద్రమత్తులో. "ఎందుకు, నీకు నచ్చలేదన్నావుగా?"

విచారణకు అవసరమని చెప్పి, ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి మెసేజ్ పెట్టాను: "నమస్తే అండీ, వేళకాని వేళ. మా అమ్మాయి పుస్తకం ఒకటి మీ ఇంట్లో ఉందట, రేపు పొద్దున్నే వచ్చి తీసుకోవచ్చా?"

అరనిమిషంలో జవాబొచ్చింది.

"సారీ అండీ, అది నేను చదువుతున్నాను. ఇంకో తొంభై పేజీలున్నాయి. మా పాపకు చెప్పకండి, నిద్రపోయాననుకుంటోంది."