తెరచాప కొయ్యకు కొట్టిన నాణెం: ‘మోబీ డిక్’ని ఎలా చదవాలి

ఇంగ్లిష్ సాహిత్యం చదివే మన విద్యార్థులకు ‘మోబీ డిక్’ అనగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఆ తెల్ల తిమింగలం దేనికి ప్రతీక? జవాబులు గైడ్లలో సిద్ధంగా దొరుకుతాయి. దేవుడు, ప్రకృతి, విధి, చెడు. అందులో ఏదో ఒకటి పట్టుకుని రెండు పేజీలు రాస్తే పని అయిపోతుంది. కానీ 135 అధ్యాయాల నవలని ఒక్క మాటలోకి కుదించడమంటే, అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్ ఏ ప్రమాదం గురించి ఈ పుస్తకం రాశాడో సరిగ్గా ఆ ప్రమాదంలోనే పడటం. ఒక ప్రాణికి ఒకే అర్థం ఉందని పట్టుబట్టిన మనిషి, తనతో పాటు ఓడ మొత్తాన్నీ ముంచేసిన కథ ఇది. నేను ఈ నవలని అలాగే చదువుతాను.

అమెరికాలోని నాంటకెట్ ద్వీపం నుంచి పీక్వాడ్ అనే ఓడ తిమింగలాల వేటకి బయలుదేరుతుంది. ఆ కాలంలో అమెరికాకి అది పెద్ద వ్యాపారం. ఇళ్లలో ఎన్నో దీపాలు వెలిగేది తిమింగలం నూనెతో, మేలురకం కొవ్వొత్తులు తయారయ్యేది దాని తలలో దొరికే పదార్థంతోనే. అయితే కెప్టెన్ అహాబ్‌కి నూనె పట్టదు. అంతకుముందు ప్రయాణంలో మోబీ డిక్ అనే తెల్ల తిమింగలం అతని కాలు కొరికేసింది. ఒకరోజు అందర్నీ డెక్ మీదకు పిలిచి, 16 డాలర్ల బంగారు నాణెం ఒకటి తెరచాప కొయ్యకు మేకుతో కొడతాడు. ఆ తెల్ల తిమింగలాన్ని ముందుగా చూసినవాడిదే ఈ బంగారం అంటాడు. జనం కేకలు పెడతారు. కెప్టెన్ తర్వాతి అధికారి స్టార్‌బక్ ఒక్కడే అడ్డం తిరుగుతాడు: నోరులేని జంతువు మీద పగా? పట్టుకున్నా నీ పగకి ఎన్ని పీపాల నూనె వస్తుంది? దానికి అహాబ్ ఇచ్చే జవాబు నవలకి కీలకం. కళ్లకి కనిపించేవన్నీ అట్టముక్కతో చేసిన ముసుగులే, కొడితే ఆ ముసుగుని చీల్చుకుని కొట్టాలి అంటాడు. అంటే ఓడలో అందరికన్నా పట్టుదలగా ప్రతీకలు వెతికేవాడు అహాబే.

ఆ నాణెం మళ్లీ 99వ అధ్యాయంలో వస్తుంది. నవలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం అదే. ఈక్వెడార్‌లో ముద్రించిన నాణెం అది. మూడు కొండ శిఖరాలు, ఒకదాని మీద మంట, ఒకదాని మీద బురుజు, మూడోదాని మీద కూస్తున్న కోడిపుంజు. పైన రాశిచక్రంలో ఒక భాగం, తులారాశిలోకి అడుగుపెడుతున్న సూర్యుడు. ఓడలో ఒక్కొక్కరూ వచ్చి దాని ముందు నిలబడతారు. అహాబ్‌కి మూడు శిఖరాల్లోనూ తనే కనిపిస్తాడు: బురుజు అహాబ్, అగ్నిపర్వతం అహాబ్, కోడిపుంజూ అహాబే. భక్తిపరుడైన స్టార్‌బక్‌కి మూడు కొండలూ క్రైస్తవుల త్రిత్వంలా తోస్తాయి. రెండో అధికారి, సరదా మనిషి స్టబ్ పంచాంగం లాంటి పుస్తకం తెచ్చుకుని, మేషం నుంచి మీనం దాకా మనిషి బతుకంతా ఆ రాశుల్లో చదివేస్తాడు. మూడో అధికారి ఫ్లాస్క్‌కి కనిపించేది బంగారం ముక్కే. రెండు సెంట్లకో సిగార్ చొప్పున 960 సిగార్లు వస్తాయని లెక్కేస్తాడు. నిజానికి 16 డాలర్లకి వచ్చేవి 800. ఈ తప్పు మెల్విల్ కావాలనే పెట్టాడని నా నమ్మకం. అర్థాల జోలికి పోకుండా ధర మాత్రమే చూస్తున్నాననుకునేవాడికీ నాణెం సరిగ్గా కనపడలేదు మరి.

చివర్లో పిప్ వస్తాడు. నల్లజాతి కుర్రాడు. వేట పడవలోంచి భయంతో దూకినందుకు స్టబ్ అతన్ని ఒకసారి హెచ్చరించాడు: బానిసల్ని అమ్మే అలబామాలో నిన్ను అమ్మితే వచ్చేదానికి ముప్పై రెట్లు ఒక తిమింగలానికి వస్తుంది, మళ్లీ దూకితే నీ కోసం ఆగం. పిప్ మళ్లీ దూకాడు. నడిసముద్రంలో ఒంటరిగా వదిలేశారు. అదృష్టం కొద్దీ ఓడ కంటపడి బతికాడు గానీ మతి చెదిరింది. ఆ పిల్లాడు నాణెం ముందు నిలబడి వ్యాకరణం పాఠం అప్పజెబుతాడు: నేను చూస్తాను, నువ్వు చూస్తావు, అతను చూస్తాడు, మేం చూస్తాం, మీరు చూస్తారు, వాళ్లు చూస్తారు. నాణెం మారలేదు, చూసేవాళ్లే మారుతున్నారని ఓడలో తేల్చి చెప్పింది మనిషికి ధర కట్టడాన్ని తన ఒంటి మీద అనుభవించినవాడు.

అలాగని ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చని కాదు. 45వ అధ్యాయంలో కథకుడు ఇష్మాయెల్ బతిమాలినట్టే చెబుతాడు, మోబీ డిక్‌ని కట్టుకథ అనుకోవద్దని, అంతకన్నా ఘోరంగా నీతికథలోని బొమ్మ అనుకోవద్దని. రుజువుగా నిజంగా జరిగినవి చూపిస్తాడు. 1820 నవంబర్ 20న పసిఫిక్‌లో ఎసెక్స్ అనే ఓడని ఒక తిమింగలం ఢీకొట్టి ముంచేసింది. 20 మందిలో చివరికి మిగిలింది ఎనిమిది మందే. బతికిన ఓవెన్ చేజ్ రాసిన పుస్తకాన్ని మెల్విల్ తను వేట ఓడలో పనిచేస్తున్న రోజుల్లోనే చదివాడు. తిమింగలం ఎముకలు, చర్మం, నూనె కాచే పద్ధతి గురించి అన్నేసి పేజీలు రాయడానికి కారణం ఇదే: తిమింగలం ముందు ఒక నిజమైన ప్రాణి. చాలామంది విసుగొచ్చి ఆ అధ్యాయాలు దాటేస్తారు. దాటేస్తే మిగిలేది అహాబ్ ఒకే అర్థం అంటగట్టిన తిమింగలమే.

ఓడలో తిమింగలాల మీదకి ఈటె విసిరే క్వీక్వెగ్ శవపేటిక సంగతి కూడా చూడండి. జబ్బుపడి చచ్చిపోతానని తనే చేయించుకుంటాడు. కోలుకున్నాక అందులో బట్టలు దాచుకుంటాడు. తర్వాత దానికి తారు పూసి ఓడకి ప్రాణరక్షక తెప్పగా వేలాడదీస్తారు. ఓడ మునిగాక ఇష్మాయెల్ ఒక్కడూ బతికింది దాన్ని పట్టుకునే. ఒకే పెట్టె ఎవరి చేతిలో ఏ పనికి వాడితే ఆ అర్థం తెచ్చుకుంది.

ఈ నవలకి రాజకీయంగా చెప్పిన అర్థాల్లో నిలబడేవి కూడా చేతలని, చేసేవాళ్లని చూసినవే. పారిపోయిన బానిసల్ని పట్టి యజమానులకి అప్పగించాలనే చట్టం 1850లో వచ్చింది. 1851లో, పారిపోయి పట్టుబడిన బానిస థామస్ సిమ్స్‌ని విడిపించడానికి నిరాకరించిన మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా, మెల్విల్‌కి స్వయానా మామగారు. అదే సంవత్సరం నవల అచ్చయింది. పిప్‌కి అలబామాలో ధర కట్టిన మాట ఆ వేడిలోంచే వచ్చిందని నేననుకుంటాను. ట్రినిడాడ్‌లో పుట్టిన మార్క్సిస్టు రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్‌ని 1952లో అమెరికా ప్రభుత్వం న్యూయార్క్ దగ్గరి ఎల్లిస్ ద్వీపంలో నిర్బంధించింది. అక్కడే కూర్చుని అతను ఈ నవల మీద పుస్తకం రాశాడు. అతనికి అహాబ్‌లో 20వ శతాబ్దపు నియంత కనిపించాడు. కానీ అతని చూపు ఎక్కువగా నిలిచింది ఓడలో పనిచేసే దేశదేశాల కూలీల మీద.

నాకు జేమ్స్ దారే సరైనదనిపిస్తుంది. తిమింగలం ఏమిటని అడిగితే జవాబులకి అంతు లేదు. ఒక మనిషి చెప్పిన అర్థానికి ఇంతమంది ఎందుకు తలూపారని అడిగితే నవల స్పష్టంగా జవాబిస్తుంది. కొందర్ని బంగారం లాగింది, కొందర్ని ఆవేశం, మిగతావాళ్లని కెప్టెన్ మాటంటే భయం. చివరికి తిమింగలం అహాబ్‌కి కనపడిన రోజు, ఈటె విసిరే మరొకడు తాష్‌టెగో తనూ అదే క్షణంలో చూశానంటాడు. ఒప్పుకోకుండా నాణెం తనదేనంటాడు అహాబ్. అంతకుముందే స్టార్‌బక్ ఒక రాత్రి కెప్టెన్ గది బయట తుపాకీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. లోపల నిద్రపోతున్న మనిషిని ఆపితే అందరూ ఇళ్లకి చేరతారని అతనికి తెలుసు, తన భార్యాబిడ్డలు గుర్తొచ్చారు కూడా. తుపాకీ తిరిగి దాని చోట పెట్టేసి వెళ్లిపోయాడు. విద్యార్థుల్ని అడగాల్సింది ఆ రాత్రి గురించి.