జాలిలో సమానులు

ఆస్తికులకూ నాస్తికులకూ మధ్య పరస్పర గౌరవం లేదని పెద్దలు బెంగపెట్టుకుంటున్నారు. అనవసరమైన బెంగ. ఆ గౌరవం నిక్షేపంలా ఉంది. కాకపోతే జాలి వేషంలో తిరుగుతోంది కాబట్టి ఎవరూ గుర్తుపట్టడం లేదు. "నీ కోసం ప్రార్థిస్తాన్లే" అంటాడు ఆస్తికుడు. "పాపం, నీకూ ఏదో ఒక ఓదార్పు కావాలి కదా" అంటాడు నాస్తికుడు. ఇద్దరి గొంతులోనూ జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తడిమే మార్దవమే. ఎవరు ఎవరికి రోగి అన్నదొక్కటే తేలాలి. ఇంతటి సమానత్వం ఏ రాజ్యాంగం రాస్తే వస్తుంది?

"నేనూ ఒకప్పుడు నీలాగే ఉండేవాణ్ణి" అనే వాక్యం రెండు శిబిరాల ఉమ్మడి ఆస్తి. దేవుణ్ణి వదిలేసినవాడూ అంటాడు, దేవుడి దగ్గరికి తిరిగొచ్చినవాడూ అంటాడు. విన్నవాడు మాత్రం ఎప్పుడూ కింది తరగతిలోనే మిగిలిపోతాడు. ఆపైన చిట్టాలు విప్పుతారు. ఒకరు మతయుద్ధాలు తీస్తే, రెండోవారు స్టాలిన్‌ని తీస్తారు. మావాళ్ళు చంపింది మా సిద్ధాంతాన్ని సరిగా అర్థం చేసుకోక, మీవాళ్ళు చంపింది మీ సిద్ధాంతాన్ని సరిగ్గా అర్థం చేసుకుని. ఈ ఒక్క సూత్రం దగ్గర ఇరుపక్షాల మధ్యా అక్షరం తేడా లేదు.

బతికున్నవాళ్ళు మాట వినరు కాబట్టి చచ్చిపోయినవాళ్ళ మీద పడటం మరో ఆనవాయితీ. ఐన్‌స్టీన్ 1929లో, తత్త్వవేత్త స్పినోజా చెప్పిన దేవుణ్ణి, అంటే ప్రకృతి క్రమంలోనే కనిపించే దేవుణ్ణి నమ్ముతానన్నాడు, 1954లో ఒక ఉత్తరంలో దేవుడనే మాట మానవ బలహీనతలోంచి పుట్టిందే అన్నాడు. ఆస్తికులు మొదటిది కంఠతా పట్టారు, నాస్తికులు రెండోది. ఇక డార్విన్ పోయింది 1882లో. 1915లో లేడీ హోప్ అనే ఆవిడ, చివరి రోజుల్లో ఆయన మంచం మీద బైబిలు చదువుకుంటూ కనిపించాడని ప్రకటించింది. ఆవిడ ఆ చివరి జబ్బులోనే కాదు, అసలు ఏ జబ్బులోనూ అటు రాలేదని డార్విన్ కూతురు 1922లో చెప్పాల్సొచ్చింది. అయినా ఆ కథ ఇప్పటికీ ఆరోగ్యంగా ఉంది. అవతలివైపూ తక్కువేం తినలేదు. న్యూటన్ మతం గురించి లక్షల పదాలు రాసుకుంటే, పెద్దాయనకి ఏదో కాలక్షేపం అన్నట్టు దాటేస్తారు.

వీటన్నిటికంటే ఉన్నతమైన గౌరవం ఇంకొకటి ఉంది. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకిస్తూ రాసినందుకు 1918లో తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌ని లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైల్లో పెట్టారు. గేటు దగ్గర వార్డరు వివరాలు రాసుకుంటూ మతమేమిటని అడిగాడు. అజ్ఞేయవాదిని, అంటే దేవుడున్నాడో లేడో తెలియదనేవాణ్ణి అన్నాడు రస్సెల్. ఆ మాటని అక్షరాలు కూర్చి చెప్పించుకుని, వార్డరు నిట్టూర్చాడట: "మతాలు చాలా ఉన్నాయి గానీ, అందరూ కొలిచేది ఆ ఒక్క దేవుణ్ణేగా." దాంతో వారం రోజులు హుషారుగా గడిచాయని రస్సెల్ రాసుకున్నాడు. ఇప్పటి సామరస్య సభలన్నీ ఈ వార్డరు శిష్యులు నడుపుతున్నవే. ఎదుటివాడి అభిప్రాయాన్ని గౌరవించాలంటే ముందు అతనికి అలాంటి అభిప్రాయమేదీ లేదని తేల్చెయ్యాలి. నాస్తికుల దగ్గరా ఈ మందు దొరుకుతుంది: "మిగతా దేవుళ్ళెవర్నీ నువ్వూ నమ్మవు కదా, నేను నీకంటే ఒక్కణ్ణి ఎక్కువ నమ్మను, అంతే." శుభం. అందరూ అందరిలాంటివాళ్ళే అయిపోయారు, ఇక మాట్లాడుకోవాల్సిన పని లేదు.

ఇంత సుఖంగా సాగిపోతున్న వ్యవహారాన్ని చెడగొట్టేవాళ్ళు మాత్రం అన్ని కాలాల్లోనూ ఉన్నారు. పూర్వపక్షం అని మనకొక పాత దురలవాటుంది. ఖండించబోయే వాదాన్ని ముందు నిండుగా చెప్పి, ఆ తర్వాతే నోరు చేసుకోవాలి. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహం రాస్తూ శివుడికి దణ్ణం పెట్టాడు. పెట్టి, మొట్టమొదటి అధ్యాయం దేవుణ్ణీ పరలోకాన్నీ కాదన్న చార్వాకులకిచ్చాడు. యజ్ఞంలో చంపిన పశువు స్వర్గానికి పోయేటట్టయితే, యజమాని తన తండ్రినే ఎందుకు బలివ్వడు? ఈ ప్రశ్నని ఒక వేదాంతి పదును తగ్గించకుండా దించిపెట్టాడు. వెక్కిరింత పాలు కొంత ఉండే ఉంటుంది, కాదనను. అయినా చార్వాకుల సొంత పుస్తకాలు దాదాపు ఏవీ మిగల్లేదు. వాళ్ళ గురించి మనకు తెలిసింది చాలావరకు ప్రత్యర్థులు రాసిపెట్టిందే. ఎదుటివాడి మాటలో సగం కత్తిరించుకుని మిగతా సగాన్ని చితక్కొట్టే నేటి విద్వాంసులకి ఇది ఎంత తలవంపు!

గాంధీ మరీ దారుణం. అంటరానితనం మీద పోరాడుతున్న గోరా, నేను నాస్తికుణ్ణి అని ఎదురుగా కూర్చుంటే, "నా ఆస్తికత్వం ఒప్పనీ అనలేను, నీ నాస్తికత్వం తప్పనీ అనలేను" అన్నాడు. తర్వాత ఇద్దరూ పనిలోకి దిగారు. చర్చ నడిపేవాడికి ఇంతకంటే అన్యాయం జరగదు.

డార్విన్‌దీ అదే వరస. తనను నాస్తికుడని కాక అజ్ఞేయవాది అని చెప్పుకున్నాడు గానీ, ఆ వెసులుబాటు చాలా? భార్య ఎమ్మాకి భక్తి ఎక్కువ. నీ సందేహాలు మనల్ని పరలోకంలో విడదీస్తాయేమోనని పెళ్ళయిన కొత్తలో భయపడుతూ ఉత్తరం రాసింది. ఆ భయం ఎంత అశాస్త్రీయమో ఆయన నిరూపించాలి కదా? నిరూపించలేదు. దాన్ని పారెయ్యకుండా దాచుకుని, నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని దాని మీదే రాసిపెట్టాడు.

ఇంటి బయటా అంతే. డార్విన్ కాపురమున్న డౌన్ అనే పల్లెటూరి చర్చి మతగురువు బ్రోడీ ఇన్నెస్‌తో ఆయనకి దశాబ్దాల స్నేహం. ఊరి బడి లెక్కలు, పేదలకి బొగ్గూ బట్టలూ ఇచ్చే సంఘం లెక్కలు డార్విన్ రాసేవాడు. ఇన్నెస్ ఊరు విడిచి వెళ్ళాక కూడా చర్చి వ్యవహారాలు ఇద్దరూ ఉత్తరాల్లో మాట్లాడుకునేవారు. మనిషి కోతి నుంచి వచ్చాడా, మట్టి నుంచి వచ్చాడా అన్నది తేలకుండానే బొగ్గు పంచేశారు! ఈ సంబంధం గురించి డార్విన్ మాట ఒకటి నమోదై ఉంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తప్ప ఏ విషయంలోనూ పూర్తిగా ఏకీభవించలేదట. ఆ ఒక్కసారి మాత్రం ఒకరి ముఖం ఒకరు తేరిపార చూసుకుని, ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగా లేదని అనుకున్నారట.