రంపం గోత్రం

మనవాళ్లకు పుట్టుకతో వచ్చే విద్య ఒకటుంది. ఎదుటివాణ్ని సూటిగా ఏమీ అడగకుండానే "ఏ ఊరు బాబూ? ఇంటిపేరు? ఆ ఊళ్లో రైస్ మిల్లు వాళ్లు మీకేమవుతారు?" అని మూడు ప్రశ్నల్లో కులం తేల్చేస్తాం. ఇంతటి విద్య పెళ్లిళ్లకూ ఎన్నికలకూ తప్ప అక్కరకు రావడం లేదే అని నా బాధ. అమెరికా వచ్చాక, ఓ గ్యారేజ్ సేల్‌లో 20 డాలర్లకు పాత చెయిన్‌సా కొన్నాక ఆ బాధ తీరింది.

ఒంటిచేత్తో ఎత్తగలిగే బుల్లి రంపం మిషన్. ఒంటి మీద "క్రాఫ్ట్స్‌మన్" అని రాసుంది. అది సియర్స్ దుకాణం పెట్టుకున్న పేరు. సియర్స్ అమ్మేదే గాని చేసేది కాదు. మరి కన్నవాళ్లెవరు?

రంగు చూసి చెప్పెయ్యొచ్చన్నాడు ఓ పెద్దమనిషి. ఈ రంపాలు చేసే కంపెనీల్లో మెకల్లక్ పసుపు, హోమ్‌లైట్ ఎరుపు, పోలన్ ఆకుపచ్చ అట. పెళ్లిచూపుల్లో పౌడర్ చూసి మోసపోయిన వంశం మాది, నమ్మలేదు. ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ వాళ్ల ఆకుపచ్చ బట్టలు కట్టుకున్న కొన్ని రంపాలు జపాన్‌లోని ఎకో ఇంటి ఆడపడుచులు మరి! పోనీ కార్బ్యురేటర్ చూద్దామా అంటే వాల్‌బ్రో, టిల్లట్‌సన్ అని ఉంటుంది. అది కార్బ్యురేటర్ చేసిన కంపెనీ పేరు, అంటే పురోహితుడి పేరు. ఊళ్లో అన్ని ఇళ్లకూ ఆయనే.

అసలు గుట్టు మోడల్ నంబర్‌లో ఉంది. చుక్కకు ముందున్న మూడు అంకెలే గోత్రం. 358 అయితే పోలన్, 917 అయితే రోపర్. దత్తత వెళ్తే గోత్రం మారాలని మన శాస్త్రం. సియర్స్ వాళ్లు ఇంటిపేరు మార్చి గోత్రం మాత్రం అలాగే ఉంచేశారు, పుణ్యాత్ములు.

చిక్కల్లా ఆ నంబర్ చెరిగిపోవడమే. ఇక్కడో సంగతి చెప్పాలి. చెయిన్‌సాల మెకల్లక్ దొర 1968లో లండన్ బ్రిడ్జిని 24.6 లక్షల డాలర్లకు కొని, రాయి రాయికీ నంబర్ వేయించి, అరిజోనా ఎడారిలోని లేక్ హవాసు సిటీకి తెచ్చి మళ్లీ కట్టించాడు. వంతెన రాళ్ల పాటి జాగ్రత్త రంపాలకు ఎవరు తీసుకున్నారు?

రెండు సాయంత్రాలు థిన్నర్‌తో తుడిచాను. 358! లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ వాస్తవ్యులు పోలన్ వారి అమ్మాయి. బంధువర్గం కూడా తీశాను. స్వీడన్ కంపెనీ ఎలక్ట్రోలక్స్ 1978లో మరో రంపాల కంపెనీ హస్క్‌వార్నాను, తర్వాత పోలన్‌నూ కొని తెచ్చుకుంది. 1999లో మెకల్లక్ దివాలా తీస్తే ఆ పేరూ చివరికి హస్క్‌వార్నా పంచకే చేరింది. నిన్నటిదాకా దుకాణాల్లో జుట్లు పట్టుకున్నవాళ్లు ఇవాళ ఒకే పంక్తిలో భోజనం చేస్తున్నారన్నమాట. రాజకీయాలు చూసే కళ్లకు ఇది వింతేమీ కాదు.

వంశవృక్షం పెద్ద కాగితం మీద గీసి గోడకు అంటిస్తుంటే మా ఆవిడ వచ్చింది.

"ఇంతకీ అది స్టార్ట్ అవుతుందా అండీ?"

గోత్రం తేలకుండా తాడు లాగడమేమిటని ఇన్నాళ్లూ ముట్టుకోలేదు.