చెట్టు పేరు చెప్పి సెంటు

ఎండలో, పగటిపూట కొట్టుకునే చవక పండ్ల సెంటుకు పెద్దమనుషుల మధ్య పరువు లేదు. ఖరీదైన సీసాలను అలమరాలో వరసగా నిలబెట్టుకున్న రసజ్ఞులు దాన్ని ఒక్కసారి పీల్చి, "షాంపూ వాసన" అని ముక్కు చిట్లించి తీర్పు చెప్పేస్తారు. తీర్పులో తప్పేమీ లేదు. షాంపూకి పియర్, ఆపిల్ వాసన తెచ్చే హెక్సిల్ అసిటేట్ లాంటి సరుకే ఈ సీసాలోకీ వస్తుంది. రసజ్ఞుల సీసాలోకీ వస్తుంది. కాకపోతే అక్కడ మూత బరువుగా ఉంటుంది. ఆ బరువుని గౌరవించాల్సిందే.

అసలు అభియోగం ఏమిటంటే, సీసా మీద పండు బొమ్మ ఉంటుంది, సీసాలో పండు ఉండదు. నిజమే. నిమ్మ, నారింజ జాతికి మినహాయింపు ఉంది. వాటి తొక్క పిండితే నూనె వస్తుంది. స్ట్రాబెర్రీనీ పీచ్‌నీ ఎంత పిండినా రసం వస్తుందే గానీ సెంటుకి పనికొచ్చే నూనె రాదు. అందుకని రసాయనశాస్త్రం చెట్టు పేరు చెప్పి కాయలమ్మే బాధ్యత తీసుకుంది. పీచ్ వాసనకి వాడే గామా అన్‌డెకాలాక్టోన్‌కి వ్యాపారంలో పేరు 'ఆల్డిహైడ్ సి-14'. అది ఆల్డిహైడ్ కాదు, లాక్టోన్ అనే వేరే రసాయన జాతి. అందులో కర్బన పరమాణువులు 14 కాదు, 11. స్ట్రాబెర్రీ వాసనదాని పేరు 'ఆల్డిహైడ్ సి-16'. అదీ ఆల్డిహైడ్ కాదు, ఎస్టర్. అందులో ఉన్నవి 12. పండు అబద్ధం, పేరు అబద్ధం, పేరులో అంకె అబద్ధం. ఇంత క్రమశిక్షణతో అబద్ధమాడే వస్తువు ఇంకొకటి దొరకడం కష్టం. గెర్లాన్ సంస్థ 1919లో తెచ్చిన మిత్సూకో అనే సెంటులో ఉన్నదీ ఇదే అబద్ధపు పీచ్. దాన్ని మాత్రం కళాఖండం అనాలని రసజ్ఞుల ఉత్తర్వు.

ఈ అబద్ధాలన్నీ ఒకే వేగంతో పారిపోవు. ఎండాకాలపు సెంటు తెలివంతా అక్కడే ఉంది. ఆపిల్, పియర్, అనాస, అరటి వాసనలిచ్చే ఎస్టర్లు తేలికపాటివి. మామూలు ఒంటి వేడికే లేచిపోతాయి. దానికి ఎండ తోడైతే, రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి, కారెక్కే ముఖ్య అతిథిలా పావుగంటలో సభ ఖాళీ చేస్తాయి. నిమ్మ తొక్క నూనెదీ అదే బాపతు. పీచ్ లాక్టోన్, కొబ్బరి వాసనిచ్చే గామా నోనాలాక్టోన్, రాస్ప్‌బెర్రీ కీటోన్ బరువైనవి, గంటల తరబడి కూర్చుంటాయి. వీళ్లందరూ వెళ్లాక కూడా గుమ్మం దాటని చుట్టాలు కొందరున్నారు. పీచుమిఠాయి వాసన వేసే ఇథైల్ మాల్టాల్, వెనిలా వాసనిచ్చే వెనిలిన్, ఉతికిన బట్టని తలపించే తెల్ల మస్క్‌లు అనే కృత్రిమ కస్తూరులు. 1992లో వచ్చిన థియరీ మ్యూగ్లర్ సంస్థ సెంటు ఏంజెల్ ఈ ఇథైల్ మాల్టాల్‌ని పచౌలీ అనే ఆకు వాసన పక్కన కూర్చోబెట్టి గద్దెనెక్కించింది. ఆ మట్టి వాసన పక్కన తీపికి ఒక అర్థముంది. తర్వాత వచ్చిన అనుకరణల్లో చాలావాటిలో తీపి మిగిలింది, ఆకు రాలిపోయింది.

కాబట్టి పొద్దున కొన్నది పండు, మధ్యాహ్నం ఒంటిమీద ఉన్నది పంచదార పాకం. ఇందులో మోసమేమీ లేదు, భౌతికశాస్త్రం మాత్రమే ఉంది. మోసమల్లా కొనేవాళ్లు తమకి తాము చేసుకునేది. ఏసీ వేసిన దుకాణంలో, కాగితపు పట్టీ మీద, తొలి పది సెకన్లలో వాసన చూసి, "ఆహా, పచ్చి ఆపిల్" అని బిల్లు కట్టేయడం. ఆ పది సెకన్లలో ముక్కుకి తగిలేది చాలావరకు ఆల్కహాలే. కాగితానికి ఒంటి వేడి లేదు, చెమట లేదు, ఎండ లేదు. సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఫొటో చూసి, గురక సంగతి అడక్కపోవడం లాంటిది ఇది.

పద్ధతి ఇలా ఉండాలి. రెండు మణికట్లు, ఒక మోచేతి మడత, అంటే ఒక రోజుకి మూడు సెంట్లు మించకూడదు. కొట్టించుకుని దుకాణం బయటికొచ్చి ఎండలో నడవాలి. అరగంట అయ్యాక ఒకసారి, మూడో గంటలో ఒకసారి వాసన చూడాలి. మూడో గంటలో ఉన్న వాసన నచ్చితేనే కొనాలి, ఎందుకంటే రోజులో ఎక్కువ భాగం కాపరం దానితోనే. మధ్యలో ముక్కు కడుక్కోవడానికని కౌంటర్ మీద కాఫీ గింజల గిన్నె ఒకటి పెడతారు. కాఫీ గింజలూ, నిమ్మముక్కలూ, ఉత్త గాలీ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే మూడూ ఒకేలా పనిచేశాయి. గాలి ఉచితం గనుక దానికి గిన్నె కేటాయించలేదు.

పండు కాస్త నిలవాలనుకుంటే పీచ్, రాస్ప్‌బెర్రీ వైపు వెళ్లాలి. చల్లగా, చురుగ్గా ఉంటే చాలనుకుంటే ఆపిల్, పియర్, నిమ్మ వైపు వెళ్లి, వాటి ఆయుష్షు గురించి పేచీ పెట్టకూడదు. కొబ్బరి, వెనిలా, పంచదార పాకం మూడూ ఒకే పెట్టె మీద కనిపిస్తే అది చలికాలపు సరుకు, పండు బొమ్మ చూసి కరిగిపోవద్దు. గాఢత సంగతి కూడా అంతే. ఓ ద పర్ఫమ్ అంటే ఓ ద టాయిలెట్‌కి చిక్కటి అన్నయ్య అనుకుంటారు. ఏ పేరుకి ఎంత శాతమన్నది వాడుకే తప్ప చట్టం కాదు, పైగా ఒకే పేరున్న రెండింటి కూర్పు చాలాసార్లు వేరుగా ఉంటుంది. తీపి సెంట్లలో గాఢత పెరిగితే తరచూ పెరిగేది పండు కాదు, పాకం. పగటి ఎండకి ఓ ద టాయిలెట్టో, బాడీ మిస్టో మేలు.

ఇక మోతాదు. మామూలు స్ప్రే ఒక్కసారి నొక్కితే దాదాపు 0.1 మిల్లీలీటరు వస్తుంది. అంటే 50 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 500 నొక్కులు. రోజుకి మూడు చొప్పున అయిదున్నర నెలలు. పన్నెండు చొప్పున కొట్టే భక్తులకి 41 రోజుల్లో దీక్ష పూర్తవుతుంది. వాళ్ల వాదన ఒకటే: "ఉండట్లేదండీ, పది నిమిషాలకే పోతోంది." పోయింది సెంటు కాదు, ముక్కు. ఒకే వాసన కొన్ని నిమిషాలు తగిలేసరికి ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కొందరికైతే కొన్ని మస్క్‌లు పుట్టుకతోనే తెలియవు. ఆ సంగతి లిఫ్టులో పక్కన నిలబడ్డవాళ్లకి తెలియదు. పొద్దున్నే తలుపులు మూసుకుంటాయి. లోపల అయిదుగురు. పన్నెండు నొక్కుల స్ట్రాబెర్రీ ఒక మూల నుంచి మెల్లగా పైకి లేస్తుంది. ఒకరు ఫోను చూస్తారు, ఒకరు అంతస్తుల అంకెలు చూస్తారు, ఒకరు ఊపిరి బిగబట్టి నాలుగో అంతస్తులోనే దిగిపోతారు. ఆయన ఆఫీసు ఏడో అంతస్తులో.

మూడు నొక్కులు చాలు. స్నానమయ్యాక, వాసనలేని మాయిశ్చరైజర్ పలుచగా రాసి, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టాలి. పొడి చర్మం మీద సెంటు త్వరగా ఎగిరిపోతుంది. మణికట్లు రుద్దుకుంటే "అణువులు చితికిపోతాయి" అని ఒక ప్రచారముంది. అణువులు అంత సుకుమారులు కారు. రాపిడి వేడికి ముఖ్య అతిథి ఇంకాస్త ముందే కారెక్కుతాడు, అంతే. చెమటకంపు మీద తీపి కొట్టడం మాత్రం ఏ శాస్త్రమూ క్షమించని నేరం. రెండూ కలిసి మూడో కంపు పుడుతుంది.

తెల్ల చొక్కా మీద కొట్టొద్దు. వెనిలిన్ గాలికీ వెలుగుకీ గోధుమరంగుకి తిరుగుతుంది, గులాబీ రంగు సీసాలో రంగు కూడా కలిపి ఉంటుంది. సీసాలో ద్రవం ముదురు రంగుకొచ్చినంత మాత్రాన పాడైనట్టు కాదు, అది ఎక్కువసార్లు ఆ వెనిలిన్ పనే. పాడైందని చెప్పేది తొలి నిమిషం వాసన: నిమ్మ పోయి వార్నిష్ ఘాటు వచ్చిందంటే తొక్క నూనెలోని లిమోనీన్ ఆక్సీకరణ చెందింది. అలా మారిన లిమోనీన్ చర్మానికి అలర్జీ కూడా తెస్తుంది. ఎండలో నిలిపిన కారులో, ఆవిరి పట్టే బాత్‌రూమ్‌లో సీసా పెట్టేవాళ్లకి ఈ బహుమతి తొందరగా అందుతుంది. నారింజ జాతికి చెందిన బెర్గామాట్ తొక్క నూనెలోని ఫ్యూరోకూమరిన్లనే పదార్థాలు ఎండ తగిలితే చర్మం మీద నల్ల మచ్చలు వేస్తాయి. సంస్థలు వాటిని తీసేసిన నూనె వాడతాయి, లేదా పరిమితిలో వాడతాయి. ఇంట్లో నూనెలు కలిపి సెంటు చేసే కళాకారులకి ఆ పట్టింపు ఉండదు కాబట్టి వాళ్ల కానుకని మెడకి కాక రుమాలుకి రాసుకోవడం క్షేమం.

అరటి వాసన అభిమానులకి ప్రత్యేక హెచ్చరిక. తేనెటీగ కుట్టాక తోటి ఈగలని యుద్ధానికి పిలిచే వాసనలో ముఖ్య పదార్థం ఐసోఅమైల్ అసిటేట్. అరటి వాసనదీ అదే అణువు. తుట్టె ఉన్న చెట్టు కింద సెల్ఫీ దిగేటప్పుడు వేరే పండు ఎంచుకోవడం మర్యాద.

ఇంత చెప్పినా, సాయంత్రం దాకా ఆపిల్ కావాల్సిందే అనేవాళ్లకి ఒక ఉపాయం ఉంది. అడుగున రంధ్రమున్న 5 మిల్లీలీటర్ల చిన్న స్ప్రే గొట్టాలు దొరుకుతాయి. పెద్ద సీసా నాజిల్‌ని పైకి లాగి తీసేసి, బయటికి కనిపించే కాడ మీద ఆ రంధ్రాన్ని పెట్టి, పైకీ కిందకీ కొడుతూ ఉంటే గొట్టం నిండుతుంది. పూర్తిగా నింపకూడదు, ఎండకి కారుతుంది. సుమారు 50 నొక్కులు, జేబులో పడతాయి. మధ్యాహ్నం రెండింటికి ఆరుబయట, ఒక్క నొక్కు. ముఖ్య అతిథి మళ్లీ కారు దిగుతాడు, పావుగంట ఉంటాడు, కత్తెర తిరిగిచ్చి వెళ్లిపోతాడు.